అమెరికా ఆయుష్షు ఎక్కడ తరుగుతోంది

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ దృశ్యం పరిచయమే. సెలవులకు వచ్చిన అబ్బాయి ఇంకా సూట్‌కేసులు విప్పకముందే పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరతాడు. అక్కడి ఖర్చుతో పోలిస్తే ఇక్కడ రూట్ కెనాల్ చేయించుకోవడమే నయమంటాడు. అమ్మానాన్నలను అక్కడికి పిలిపించుకునేటప్పుడు విమానం టికెట్టుతోపాటు బీమా కూడా కొనిపెడతాడు.

ఆ దేశం తన జాతీయాదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికే వెచ్చిస్తుంది. జపాన్ వెచ్చించేది సుమారు 11 శాతం. అయినా 2023 లెక్కల ప్రకారం అమెరికాలో సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్ళు కాగా, జపాన్‌లో అది 84 ఏళ్ళు. స్పెయిన్, స్విట్జర్లాండ్‌లలోనూ 83కు పైమాటే. 1980 ప్రాంతంలో సంపన్న దేశాల నడుమ అమెరికా ఇంతగా వెనకబడి లేదు.

ఈ అంకెలు వినగానే అమెరికా వృద్ధులు 84కు బదులు 78కే కన్నుమూస్తున్నారని అనుకుంటాం. అది పొరపాటు. ఎనభై దాటిన అమెరికన్లు తక్కిన సంపన్న దేశాల వృద్ధులకు దీటుగానే బతుకుతున్నారు. క్యాన్సర్ చికిత్సలో ఆ దేశానిది ముందు వరుస. సగటును కిందికి లాగుతున్నవి ముఖ్యంగా చిన్న వయసులో పోయే ప్రాణాలు. ఎనభై రెండేళ్ళ తాతగారు రెండేళ్ళు ముందుగా వెళ్ళిపోతే లెక్కలో తరిగేది ఆ రెండేళ్ళే. పాతికేళ్ళ మనవడు పోతే అరవై ఏళ్ళ ఆయుష్షు ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ మనవడు ఎలా పోతున్నాడో చూడాలంటే వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని బొగ్గుగనుల ప్రాంతానికి వెళ్ళాలి. అక్కడ కెర్మిట్ అనే ఊళ్ళో జనం నాలుగు వందలకు మించరు. ఆ ఊళ్ళోని ఒక మందుల దుకాణానికి రెండేళ్ళ వ్యవధిలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ అనే నల్లమందు జాతి నొప్పి మాత్రలు చేరాయని అదే రాష్ట్రానికి చెందిన చార్ల్‌స్టన్ గెజెట్-మెయిల్ పత్రిక 2016లో బయటపెట్టింది. మరుసటి ఏడాది ఆ పరిశోధనకు పులిట్జర్ బహుమతి లభించింది. తలకు ఇరవై రెండు వేల మాత్రలన్నమాట. ఇన్ని మాత్రలు పంపిన టోకు వ్యాపారుల చిట్టాల్లో ఇవన్నీ నమోదై ఉన్నవే, ఎవరూ దొంగచాటుగా తరలించినవి కావు. 1996లో పర్‌డ్యూ ఫార్మా సంస్థ ఆక్సికాంటిన్‌ను విడుదల చేసి, నల్లమందు జాతికే చెందిన ఈ నొప్పి మాత్రకు అలవాటు పడే ప్రమాదం తక్కువని డాక్టర్లకు నూరిపోసింది. ఆ తప్పుడు ప్రచారానికి 2007లో దాని అనుబంధ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. అప్పటికే అలవాటు పడినవారు, మాత్రల మీద కట్టడి పెరిగేసరికి హెరాయిన్‌కు, ఆ తరువాత దానికంటే 50 రెట్లు తీవ్రమైన ఫెంటానిల్‌కు మళ్ళారు. 2021 నుంచి 2023 దాకా ఏటా లక్ష మందికి పైగా మత్తుమందుల మోతాదు మించి చనిపోయారు.

తుపాకుల సంగతి మనకు వార్తల్లో వినిపించేదే, కాని వార్తల్లో వినిపించనిది ఒకటుంది: 2021లో తుపాకీకి బలైన 48 వేల పైచిలుకు మందిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారు. ఒక బలహీన క్షణంలో చేతికందే దూరంలో తుపాకీ ఉండటమే వారి విషయంలో ప్రాణాంతకమైంది. ఏడాది దాటిన పిల్లల నుంచి పందొమ్మిదేళ్ళ వారి వరకు చూస్తే, 2020 నుంచి అక్కడి మరణాలకు మొదటి కారణం తుపాకీయే. రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 40 వేల మంది పోతున్నారు. జనాభా నిష్పత్తిలో ఇది బ్రిటన్‌కు నాలుగు రెట్లకు పైగానే ఉంటుంది.

స్థూలకాయం, మధుమేహం, గుండెజబ్బు తమ వంతు ఆయుష్షును నెమ్మదిగా తీసుకుంటున్నాయి. మధుమేహం అనగానే ఇన్సులిన్ కథ చెప్పక తప్పదు. 1921లో టొరంటోలో దాన్ని కనుగొన్న బృందంలోని ముగ్గురు, పేటెంటును ఒక్కొక్కరు ఒక్కో డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1990ల చివర అమెరికాలో 20 డాలర్లకు కాస్త అటూఇటూగా దొరికిన ఒక రకం ఇన్సులిన్ సీసా, 2019 నాటికి 275 డాలర్లు పలికింది. సరిహద్దు దాటి కెనడాలోకి వెళితే దాని ధర అందులో చిన్న భాగమే. బీమా లేనివారు అప్పటికి రెండున్నర కోట్లకు పైగా ఉండగా, బీమా ఉన్నవారు సైతం ముందుగా తమ జేబులోంచి వేల డాలర్లు కట్టాకే కంపెనీ ఖర్చు భరించే పాలసీలతో నెట్టుకొచ్చేవారు. నెలాఖరు దాకా సరిపోవాలని మోతాదు తగ్గించుకుని సూది వేసుకున్నవారు ఆ ఇళ్ళలో ఎందరో ఉన్నారు. 2023లో ధరలు తగ్గాయి, వృద్ధులకు నెలకు 35 డాలర్ల పరిమితీ వచ్చింది.

మన పిల్లలను చూసి అమెరికాను అంచనా వేస్తే మాత్రం తప్పులో కాలేసినట్టే. 2022లో ఆసియా మూలాలున్న అమెరికన్ల ఆయుర్దాయం 84 ఏళ్ళు దాటింది. ఆ నేల మూలవాసులకు అది 68కి అటూఇటూగా ఉంది. పెద్ద చదువు, మంచి ఉద్యోగం, ఆ ఉద్యోగంతోపాటు వచ్చే బీమా ఉన్నవారే ఎక్కువగా అక్కడికి వలస వెళతారు. ఆన్ కేస్, నోబెల్ గ్రహీత ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తలు గమనించినది కూడా ఇదే: కళాశాల డిగ్రీ ఉన్న, లేని అమెరికన్ల ఆయుర్దాయాల మధ్య 1992లో రెండున్నర ఏళ్ళున్న ఎడం 2021 నాటికి ఎనిమిదిన్నర ఏళ్ళకు పెరిగింది.

మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషి ముక్కులో కొట్టే నాలోక్సోన్ అనే మందును 2023 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో మనిషి మళ్ళీ శ్వాస అందుకుంటాడు. కొన్ని గ్రంథాలయాల్లో, బడుల్లో కూడా దాన్ని సిద్ధంగా ఉంచుతున్నారు. 2024లో మత్తుమందుల మరణాలు సుమారు 80 వేలకు తగ్గాయి. 1999లో అవి 17 వేలకు లోపే.