ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట

అధ్యక్షులకు, గ్రంథపాలకురాలు గారికి, గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువాలు వద్దని ముందే చెప్పాను. ఆ సమయం కూడా నాకు మాట్లాడటానికే కావాలి.

కరపత్రంలో నా అంశం 'ఇంటి కంప్యూటర్, చిన్న మరమ్మతులు' అని వేశారు. అందులో నేను వైర్‌లెస్ కీబోర్డు ఒక్కటే తీసుకుంటున్నాను. కీబోర్డు మొరాయిస్తే మనవాళ్లు కంప్యూటర్‌నే అనుమానిస్తున్నారు. సీపీయూ మోసుకుని షాపుకి వెళ్తున్నారు. అక్కడ, "విండోస్ కరప్ట్ అయిందండీ, ఫార్మాట్ కొట్టేద్దాం" అంటున్నారు. అంటే లోపల ఉన్నది చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను, ముందు కాస్త సైన్సు వినండి. ముప్పావు జీవితం ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కదా.

డాంగిల్ అంటే యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్. దానితో వచ్చే వైర్‌లెస్ కీబోర్డులు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో సంకేతాలు పంపుతాయి. బ్లూటూత్ కూడా అక్కడే. చాలా ఇళ్లలో వైఫై కూడా అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ 2.45 దగ్గర పనిచేస్తుంది. ఇవన్నీ చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. సీపీయూకి నీలం రంగు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి చూడండి, అవి యూఎస్‌బీ 3. వాటిలో హార్డ్‌డిస్క్ పెట్టి వాడుతుంటే ఆ పోర్టు, కేబుల్, డిస్క్ కలిసి సరిగ్గా ఈ 2.4 ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తాయి. ఇది నా ఊహ కాదు. ఇంటెల్ కంపెనీ 2012లోనే కొలిచి, పత్రం రాసి బయటపెట్టింది. కీబోర్డు డాంగిల్ ఆ పక్క పోర్టులోనే ఉందనుకోండి, మీరు నొక్కిన అక్షరాలు ఆ రొదలో కొట్టుకుపోతాయి. కొన్ని అక్షరాలు పడవు, కొన్ని ఆలస్యంగా పడతాయి. విండోస్‌కి అసలు ఆ అక్షరాలు చేరనే లేదు. చేరని అక్షరానికి విండోస్‌ని ఫార్మాట్ చేసి ఏం లాభం?

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి.

మా అమ్మకి దంపుళ్ల పాటలు, నలుగు పాటలు, మంగళహారతులు బోలెడు వచ్చు. ఏ పుస్తకంలోనూ లేనివి, వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి. అమ్మ పోయే ముందు అక్క పక్కన కూర్చుని పాడించుకుని నోటు పుస్తకాల్లో రాసుకుంది. తర్వాత తీరిగ్గా తెలుగులో టైపు చేసింది. నోటు పుస్తకాలకి చెదలు పట్టాయి. ఇంక మిగిలింది డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ ఒక్కటే.

అప్పుడు కీబోర్డు అక్షరాలు మింగడం మొదలుపెట్టింది. మేనల్లుడు సినిమాల హార్డ్‌డిస్క్ తెచ్చి సీపీయూ వెనక నీలం పోర్టులో పెట్టాడు. పక్క పోర్టులో కీబోర్డు డాంగిల్. బావగారు షాపుకి పంపారు. షాపులో ఫార్మాట్ చేశారు, కొత్త విండోస్ వేశారు, వాళ్ల వైరు కీబోర్డు తగిలించి టైపు చేసి "చూడండి, బాగైంది" అన్నారు. ఇంటికి తెచ్చి డిస్క్ పెట్టి అక్క టైపు చేస్తే మళ్లీ అదే రోగం. నేను వెళ్లి ఆ డిస్క్ పీకాను. అక్షరాలు వరసగా పడ్డాయి.

అమ్మ పాటలు మాత్రం పోయాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నది సాధారణంగా విండోస్ ఉండే సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫార్మాట్‌లో ముందు పోయేది అదే. పాత హార్డ్‌డిస్క్ అయితే, వెంటనే వాడకం ఆపేస్తే కొంతైనా వెనక్కి తెచ్చే వీలుండేది. అందులో ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే కొత్తరకం డిస్క్. చెరిపిన చోటుని అది తానే శుభ్రం చేసుకుంటుంది, ఆ ఏర్పాటుని ట్రిమ్ అంటారు. ఇంక ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

నా బాధ ఏమిటో గమనించండి. ఫార్మాట్ అయ్యాక తగిలించిన ఆ వైరు కీబోర్డుని ఫార్మాట్‌కి ముందే తగిలించి ఉంటే? రెండు నిమిషాల్లో తేలిపోయేది, తప్పు విండోస్‌ది కాదని. అమ్మ పాటలు ఉండేవి. ఉండేవండీ.

సరే. ఇంట్లో మీరు ఏం చూడాలో చెప్తాను. బ్యాటరీ మార్చండి, ఇది అందరూ చేసేదే. కీబోర్డుని డాంగిల్‌కి దగ్గరగా జరపండి. దగ్గరలో పనిచేసి దూరంలో చేయకపోతే తప్పు గాలిలోనో బ్యాటరీలోనో ఉంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగిల్‌ని బల్ల మీదకి తెచ్చుకోండి. చాలా ఇళ్లలో రోగం అక్కడితో పోతుంది.

ఇక నిజంగా విండోస్ వైపు నుంచి వచ్చేవి. కుడి షిఫ్ట్ మీద ఎనిమిది సెకన్లు వేలు ఉండిపోతే ఫిల్టర్ కీస్ అడుగుతుంది. తెలియక ఎస్ అన్నారంటే చప్పున నొక్కి వదిలేసినవి పట్టించుకోదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు, అక్కడ ఆపేయండి. తెలుగు టైపు చేసేవాళ్లకి ఇంకొకటి: పాస్‌వర్డ్ తప్పు అంటుంటే కంగారుపడకండి, లాగిన్ తెరకి కింద కుడి మూల భాష చూడండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాం అంటారు, అది చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ తన స్థితిలో కొంత దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. రీస్టార్ట్ కొట్టండి.

డాంగిల్ కీబోర్డు బయోస్ తెరలో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెరవగలిగే సెట్టింగుల తెరలో, పనిచేసి విండోస్‌లో చేయకపోతే, అప్పుడు విండోస్‌ని అనుమానించండి. బ్లూటూత్‌కి ఈ పరీక్ష పనికిరాదు, అది చాలా కంప్యూటర్లలో విండోస్ లేచాకే కలుస్తుంది.

విండోస్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగింది. అదే రోజు విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్‌తో రికవరీ తెరలో, అంటే విండోస్ లేవనప్పుడు బాగుచేసుకునే తెరలో, యూఎస్‌బీ కీబోర్డులు, మౌసులు పనిచేయడం మానేశాయి, వైరువి కూడా. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని 20న మరో అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ వారంలో ఎంతమంది మంచి కీబోర్డులు పారేసి ఉంటారో! అప్పుడు కీబోర్డుది తప్పు కాదు, మా అక్క ఇంట్లో విండోస్‌ది తప్పు కాదు. విడదీసి చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియదు.

ఈ సభలో రిపేరు షాపుల పిల్లలు కూడా ఉన్నారు. మీ మీద నాకు కోపం లేదు బాబూ, మీ పనిలో ఒత్తిడి తెలుసు. ఒక్కటి అడుగుతాను. ఫార్మాట్ చేసే ముందు రసీదు మీద 'డేటా కాపీ తీశాం' లేదా 'వద్దన్నారు' అని రాసి సంతకం పెట్టించుకోండి. మీరు, తల్లులు, తండ్రులు, ఆ సంతకం లేకుండా సీపీయూ ఇవ్వకండి. అసలు షాపుకి వెళ్లే ముందే పెన్‌డ్రైవ్‌లోకి మీరే ఒక కాపీ తీసుకోండి.

అక్క ఇప్పుడు గుర్తున్నంత వరకు పాటలు మళ్లీ రాస్తోంది. నలుగు పాటలు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉంటారు. మీ ఇంట్లో ఉంటే ఈ గ్రంథాలయంలో పేరు ఇచ్చి వెళ్లండి, మేమే వచ్చి రాసుకుంటాం. కీబోర్డు సందేహాలుంటే ఇప్పుడే అడగండి.