హాలోవీన్ గుమ్మడికాయను నవంబరు 1న పారేయకండి

అందరికీ నమస్కారం.

అమెరికా బడుల్లో అక్టోబరు చివరి వారం ఎలా గడుస్తుందో ఇక్కడున్న తల్లిదండ్రులకూ టీచర్లకూ తెలిసిందే. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండుగకు గుమ్మడికాయ చెక్కుతారు, ఫొటోలు తీస్తారు, మర్నాడు చెత్తబుట్టలో వేస్తారు. అసలు పాఠం మొదలయ్యేది ఆ మర్నాడే. ఆ కాయను పిల్లల కళ్ళముందే కుళ్ళనివ్వండి.

హాలోవీన్ జరుపుకోని కుటుంబాల పిల్లలు వేషాల రోజున పక్కన కూర్చోవాల్సి వస్తుంది. కాయ కుళ్ళడం చూడటానికి ఏ పిల్లలకీ అడ్డు లేదు. మనింటి పిల్లలైతే "ఇది దిష్టి గుమ్మడికాయేనా?" అంటారు. కాదు, బూడిద గుమ్మడి వేరే జాతి. బతుకమ్మలో పేర్చే గుమ్మడిపూలు మాత్రం దీని దగ్గరి చుట్టాలే.

లీటరు సీసాలు రెండు తీసుకోండి. గాజువో ప్లాస్టిక్‌వో, లోపలిది కనబడితే చాలు. ఒక్కోదానిలో రెండంగుళాల ముక్క వేయండి. మట్టి ఉన్నదాన్నీ లేనిదాన్నీ పోల్చి చూడటానికి, ఒకదానిలో మాత్రం నాలుగు చెంచాల తడి తోటమట్టి, మూడు గింజలు కలపండి. మూత బిగించేస్తే లోపల వాయువు పెరిగి ఒత్తిడి వస్తుంది, గాలి ఆడక పులిసిన కంపు కొడుతుంది. అందుకని మూతకు మేకుతో చిన్న బెజ్జం పెట్టి, దూది కుక్కి, చుట్టూ టేపు వేయండి. ఆ తర్వాత మూత తియ్యనే కూడదు. బూజు రేణువులు ఉబ్బసం ఉన్న పిల్లలకు ప్రమాదం. సీసాను ఎండ తగిలే కిటికీలో పెడితే గోడలకు ఆవిరి పట్టి ఏమీ కనబడదు, నీడలో పెట్టండి.

మూడు నాలుగు రోజులకు తెల్లటి నూగు కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే దారాల కొసన నల్లటి గుండుసూది తలల్లాంటివి ఉంటాయి. బూజు తన రేణువులను దాచుకునే సంచులవి. ముక్క కుంగి, అడుగున నీరు చేరుతుంది. కాయలో పదింట తొమ్మిది వంతులు నీరే కదా! వారం వారం సీసాను తూచి రాయించండి. ముక్క కరిగిపోతున్నా బరువు పెద్దగా తగ్గదు. "మరి ముక్క ఎక్కడికి పోయింది?" అని పిల్లలే అడుగుతారు. జవాబు మీరు చెప్పకండి, సీసా అడుగు చూపించండి.

ఇక రెండో పాఠం, ఆకుల్లో దాగిన రంగులు చూడటం. దానికి సెప్టెంబరులోనే పచ్చటి మేపుల్ ఆకులు కోసుకోవాలి. ఐదారు ఆకులు సన్నగా చింపి, ఒక చిన్న సీసాలో వేసి, మునిగేంత మాత్రమే రబ్బింగ్ ఆల్కహాల్ పోయండి. ఎక్కువైతే రంగు పలచబడి, తర్వాత ముంచే కాగితం పట్టీ మీద ఏమీ తేలదు. సీసాను అరగంట వేడినీళ్ళలో ఉంచండి. కిటికీలు తెరవండి, మంట దగ్గరికి రానివ్వకండి. కాఫీ ఫిల్టరు పట్టీ కొసను మాత్రమే అందులో ముంచండి. గంటలో పచ్చతోపాటు పసుపు కూడా పైకి పాకుతుంది. పసుపు ఎండాకాలమంతా ఆకులోనే ఉంది, పత్రహరితం దాన్ని కప్పేసింది. మేపుల్ ఎరుపు సంగతి అలా కాదు, ఆకులో చిక్కిన చక్కెరతో శరదృతువులో కొత్తగా తయారవుతుంది.

మిగిలిన గింజలను కడిగి, రెండు వారాలు ఆరబెట్టి, కాగితం కవరులో దాచండి. ప్లాస్టిక్ సంచిలో తడి మిగిలితే బూజు పడతాయి. మే చివర్లో నాటితే అక్టోబరుకు కాయలొస్తాయి. పరపరాగ సంపర్కం (వేరే మొక్క పుప్పొడి తగలడం) వల్ల తల్లికాయ రూపమే రాకపోవచ్చు, పిల్లలకు ముందే చెప్పండి. వేసవి సెలవుల్లో నీళ్ళు పోసేది ఎవరో మే నెలలోనే పేరు పేరునా రాసిపెట్టుకోండి.