నేలపట్టు గట్టు మీద రెండు రోజులు

శ్రోతలందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్లిన వారం, శని ఆదివారాలు కలిసొచ్చాయని మా అమ్మాయిని తీసుకుని నేలపట్టు వెళ్లాను. సూళ్లూరుపేట దగ్గర, దొరవారిసత్రం మండలంలో ఉందీ చెరువు. 1976 నుంచి పక్షుల రక్షణ కేంద్రం.

గట్టు ఎక్కకముందే గూడబాతుల, అంటే పెలికాన్ పక్షుల, పిల్లల గోల వినిపించింది. పెద్ద గూడబాతులు పెద్దగా అరవవు. అరిచేదంతా గూళ్లలోని పిల్లలే. చెరువులో కడప చెట్లు మొదళ్ల దాకా మునిగి ఉన్నాయి. నెలల తరబడి నీళ్లలో నానినా ఈ చెట్లు చావవు. చుట్టూ నీళ్లుండబట్టే నక్కా, పిల్లీ గూటి దాకా రాలేవు. అందుకే కార్తీకంలో వానలు సరిగ్గా పడి చెరువు నిండాలి.

బైనాక్యులర్స్‌లో ఒక గూడు చక్కగా కనిపించింది. పెద్ద పక్షి నోరు తెరిస్తే, పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసింది. "నాన్నా, మింగేస్తోంది!" అని మా అమ్మాయి కంగారుపడింది. "లేదమ్మా, అది అన్నం తింటోంది" అన్నాను. పెద్దది సగం అరిగిన చేపను గొంతులోంచి పైకి తెస్తుంది, పిల్ల లోపలికే వెళ్లి అందుకుంటుంది.

అంతలో ఎవరో స్పీకర్‌లో పాటలు పెట్టారు. ఒక చెట్టు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నాకు చాలా బాధేసింది. తల్లి లేచిన గూట్లో గుడ్లు ఎండకు మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. దయచేసి అక్కడ గట్టిగా మాట్లాడకండి కూడా.

తిరిగొస్తుంటే దారి పక్కన ఒక కొమ్మకు ఆకులు కుట్టే ఎర్రచీమలు కనిపించాయి. రెండు ఆకుల మధ్య రెండు వేళ్ల సందు. చీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడుతూ ఆకు అంచును లాగుతున్నాయి. పెద్ద చీమలకు దారం తీయడం రాదు. ఆ పట్టు దారం వాటి పిల్లపురుగుల దగ్గరుంటుంది. అందుకని పిల్లను నోట కరుచుకుని, ఈ అంచుకీ ఆ అంచుకీ ఆనిస్తూ కుడతాయి. నేతగాడి చేతిలో నాడె ఆడినట్టే! చీకటి పడేదాకా మా అమ్మాయి అక్కణ్నుంచి కదల్లేదు.

ఆదివారం పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు చూశాం. రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడగడుతున్నాయి. వాటి గులాబీ రంగు తిండి వల్ల వచ్చేదే. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

ఇక ఇంటికి బయల్దేరదామంటే, "ముందు చీమల దగ్గరికి, నాన్నా" అంది. మళ్లీ నేలపట్టు వెళ్లాం. ఆకుల మధ్య సందు లేదు. దాని మీద తెల్లటి పలచని పొర, పక్క ఆకు దగ్గర అప్పుడే కొత్త గొలుసు.