చొక్కా పైకెత్తి ఊపిరి లెక్కపెట్టండి

సభకు నమస్కారం. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లులకు మరీ మరీ నమస్కారం.

శ్వాసకోశ వ్యాధుల గురించి మాట్లాడమన్నారు. ముక్కు, గొంతు దగ్గర ఆగే జలుబులు చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటంతటవే తగ్గుతాయి. నా బాధంతా ఊపిరితిత్తుల్లోకి దిగే న్యుమోనియా గురించి.

బిడ్డ దగ్గితే అందరూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు, గళ్ళ రంగు చూస్తారు. ఊపిరి చూసేవారేరీ? గళ్ళ పచ్చబడేది తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్ వల్ల. మామూలు వైరస్ జలుబులోనూ పచ్చబడుతుంది. ఆ రంగు చూసి, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా తీసి పోసేస్తారు. వద్దమ్మా! వైరస్ మీద అది పనిచేయదు.

సరే, ఊపిరి సంగతి. న్యుమోనియాలో గాలి గదులు చీముతో, నీరుతో నిండి ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. లోతుగా పీల్చలేని బిడ్డ గబగబా పీలుస్తుంది. జ్వరం మందుకు ఒళ్ళు చల్లబడినా లోపలి జబ్బు పోదు.

బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకండి. నిమ్మళించాక చొక్కా పైకెత్తండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. అలా నిండు నిమిషం. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి పొరపాటు నాలుగవుతుంది. పైగా పసిబిడ్డ ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులివి. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60 వచ్చినా, దాటినా మళ్ళీ లెక్కపెట్టండి, మళ్ళీ అంతే వస్తే ఆసుపత్రికే. రెండు నెలలు నిండి ఏడాదిలోపు 50. ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40. ఆ అంకె వచ్చినా, దాటినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

లెక్క తక్కువే వచ్చినా డొక్కలు చూడండి. గాలి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బాలి. కింది పక్కటెముకల దగ్గర లోపలికి పోతోందంటే, అదే మనం డొక్కలెగరేయడం అంటాం, తెల్లవారేదాకా ఆగకండి. పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, మగతగా పడివున్నా, ఫిట్స్ వచ్చినా, పెదవులు నీలంగా మారినా అంతే.

మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. ఫోన్లు తీయండి, సెకన్లు కనబడేలా పెట్టుకోండి. అదిగో, వెనక వరసలో బిడ్డ నిద్రపోతోంది, ఆ చొక్కా కొంచెం పైకెత్తమ్మా. అందరూ పొట్ట వైపే చూడండి. ఒకటి...