అనుమానం చాలు, రుజువు మీ బాధ్యత కాదు: పిల్లల మీద హింస కంటపడితే ఏం చేయాలి

[దృశ్యం: కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్. ఉదయం వేళ. గేటు ముందు బడి బస్సు ఆగి ఉంది.]

వ్యాఖ్యాత: ఈ అపార్ట్‌మెంట్, ఇందులోని మనుషులు కల్పితం. ఇలాంటి పరిస్థితి మాత్రం కల్పితం కాదు. మూడో అంతస్తులోని ఒక ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంటుంది. తోటి పిల్లలు బస్సెక్కే వేళకు ఆమె చెత్తబుట్ట పట్టుకుని కిందికి వస్తుంది. అడిగితే, మా చుట్టాలమ్మాయి, ఊరి నుంచి వచ్చింది అని ఇంటివారు చెబుతారు. ఆమె ముంజేతి మీద అట్లకాడ అంచు వెడల్పున కాలిన మచ్చ ఒకటి ఉంది. పక్కనే పాతబడి నల్లబారిన మరో మచ్చ ఉంది. వాచ్‌మన్ భార్య చూసింది, ఎదురింటివారూ చూశారు. మనకెందుకొచ్చిన గొడవ అని అందరూ ఊరుకున్నారు.

ఊరుకోవడానికి వారు చెప్పుకునే కారణం ఒక్కటే: మన దగ్గర రుజువేముంది? అయితే చట్టం మిమ్మల్ని రుజువు అడగడం లేదు. కాల్చింది ఎవరో, ఎందుకు కాల్చారో తేల్చవలసినవారు పోలీసులు, పిల్లల రక్షణ వ్యవహారాలు చూసే బాలల సంక్షేమ సమితి, వైద్యులు. మీరు చెప్పవలసింది చూసినదీ విన్నదీ మాత్రమే. పైగా, పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం బాలకార్మిక చట్టం కింద దానికదే నేరం. సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టినా, కావాలని పట్టించుకోకుండా వదిలేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ వర్తిస్తుంది.

[తెరపై: 1098]

వ్యాఖ్యాత: ఇది చైల్డ్‌లైన్ నంబరు. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవను ఇప్పుడు కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడుపుతున్నాయి. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఛార్జీ పడదు, మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకుండానే మాట్లాడవచ్చు. అదే క్షణంలో బిడ్డ ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం నేరుగా 112కు ఫోన్ చేయాలి.

ఫోన్‌లో ఆవేశం కన్నా వివరం పనికొస్తుంది. "ఆ ఇంటివాళ్లు రాక్షసులండీ" అనే మాటతో అధికారులు చేయగలిగింది ఏమీ లేదు. "ఫలానా వీధి, ఫలానా అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, సుమారు పదేళ్ల పిల్ల, బడికి వెళ్లడం లేదు, నిన్న ఉదయం ఎడమ ముంజేతి మీద కొత్తగా కాలిన గాయం చూశాను" అంటే బృందం ఎక్కడికి వెళ్లాలో, ఏం చూడాలో వారికి తెలుస్తుంది. ముందుగా మీరే ఆ ఇంటి తలుపు తట్టి నిలదీయడం మంచిది కాదు. ఆ రాత్రికి ఆ పిల్లను మరెక్కడికైనా పంపేసే ప్రమాదం ఉంది.

[దృశ్యం: ఒక తరగతి గది. బల్ల దగ్గర ఉపాధ్యాయురాలు, ఎదురుగా తలవంచుకుని నిలుచున్న బాలుడు.]

వ్యాఖ్యాత: లైంగిక వేధింపుల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగవచ్చని భయపడేవారు కూడా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా పడవచ్చు. సంస్థకు బాధ్యులైనవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే ఆ శిక్ష ఏడాది వరకు ఉంటుంది. పాఠశాల పరువు పోతుందని లోలోపలే విచారణ జరిపి, సర్దుబాటు చేసుకుని ముగించే అధికారం ఏ యాజమాన్యానికీ లేదు. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం తీవ్రమైన నేరమేనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

బిడ్డ నోరు విప్పిన క్షణంలో ఉపాధ్యాయురాలు ఏం మాట్లాడాలి? "నువ్వు చెప్పడం మంచిదైంది నాన్నా, ఇందులో నీ తప్పేమీ లేదు" అంటే చాలు. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పక తప్పదు. "ఆయన నీమీద చెయ్యి వేశాడా?" వంటి ప్రశ్నలతో జవాబును మనమే అందించకూడదు. బిడ్డ ఏ మాట వాడితే ఆ మాటనే, తేదీ, సమయం వేసి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ తరువాత ప్రిన్సిపాల్ ముందు ఒకసారి, కరస్పాండెంట్ ముందు మరోసారి అదంతా తిరిగి చెప్పించడం, నా దృష్టిలో, ఆ బిడ్డను మళ్లీ హింసించడమే.

పోలీసులంటే బెదిరేవారికి ఒక మాట. పోక్సో కేసులో బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డకు నచ్చిన చోటో, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా అధికారే నమోదు చేయాలి. బిడ్డను రాత్రివేళ స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లోగా పోలీసులు బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ సమాచారమివ్వాలి. హైదరాబాద్ నగర పోలీసులు 2016లో ప్రారంభించిన భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్య, న్యాయ సహాయం ఒకేచోట అందుతాయి. మీ ఇల్లు ఏ కమిషనరేట్ పరిధిలోకి వస్తుందో తెలియకపోయినా ఫరవాలేదు. దగ్గరలోని ఏ స్టేషన్‌కు వెళ్లినా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేని ఎఫ్‌ఐఆర్, నమోదు చేయాలి.

పేదరికాన్ని చూసి, బిడ్డను నిర్లక్ష్యం చేస్తున్నారని పొరబడకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. గచ్చిబౌలిలో కట్టుబడి పనికి వచ్చిన తల్లి, చంటిబిడ్డను ఆరేళ్ల అక్కకు అప్పగించి ఇటుకలు మోస్తుంటే, ఆమెకు కావలసింది కేసు కాదు, అంగన్‌వాడీ. అక్కడ కూడా 1098కే ఫోన్ చేయవచ్చు. బిడ్డను కుటుంబానికి దూరం చేసి హోంలో ఉంచడం చివరి మార్గంగానే ఉండాలని బాలల న్యాయ చట్టమే చెబుతోంది.

[తెరపై: వాట్సాప్ గ్రూపు. మసకబరిచిన ఫొటో.]

వ్యాఖ్యాత: సదుద్దేశంతో ఇచ్చిన సమాచారం పొరపాటని తేలినా పోక్సో చట్టం కింద మీపై సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. పగతో అల్లిన అబద్ధానికే శిక్ష. అయితే బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇంటి చిరునామా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకండి. న్యాయం కోసమని పెట్టినా సరే, బిడ్డ గుర్తింపును బయటపెట్టడం నేరమవుతుంది. ఫోన్ చేసిన తరువాత ఆ పిల్ల ఇంకా చెత్తబుట్టతోనే కిందికి వస్తుంటే 1098కు మళ్లీ ఫోన్ చేయండి, జిల్లా బాలల సంక్షేమ సమితికి లిఖితపూర్వకంగా కూడా తెలియజేయండి.