పిల్లల బొమ్మ గీస్తే పెద్దోళ్ల మొహం ఎందుకొస్తుంది?

[తెర మీద: పాప ఫొటో, పక్కన పెన్సిల్ బొమ్మ]

ఫొటోలో ఉండేది నాలుగేండ్ల పాప. బొమ్మలో ఉండేది ముప్పై ఏండ్ల మనిషి. కండ్లు బాగున్నాయి, ముక్కు బాగుంది, గౌను మీది పూలు కూడా అచ్చం అట్లనే ఉన్నాయి. అయినా పాప కాదు. గీసినోళ్లు అనే మాట ఒకటే: "పోలిక రాలేదు, నా చేతిలో కళ లేదు." చేతి తప్పు కాదండీ ఇది. కండ్లు పైకి పోయినాయి. ఈ ఒక్క కొలత తెలియక ఎంతమంది అమ్మానాన్నలు బొమ్మను సగంలో వదిలేస్తారో, చానా బాధేస్తుంది.

తలకాయను రాగి సంగటి ముద్ద అనుకోండి. నెత్తి నుంచి గడ్డం దాకా కొలిచి, సరిగ్గా సగానికి అడ్డగీత పెట్టండి. పెద్దోళ్లకైతే కండ్లు ఆ గీత మీద పడతాయి. నాలుగైదేండ్ల పిల్లలకు ఆ గీత దగ్గర వచ్చేది కనుబొమలు, కండ్లు దాని కిందికి. నెలల బిడ్డకు ఇంకా కిందికి. ముద్దలో ఎక్కువ భాగం పుర్రెదే, మొహం అడుగున సర్దుకుంటుంది. నుదురు ఇంత పెద్దదా అని మనకే అనుమానమొచ్చి కోసేస్తాం. కొయ్యొద్దు! ఇంకోటి, కంటి నల్లగుడ్డు రెండేండ్లకల్లా దాదాపు పెద్దోళ్ల సైజుకొస్తుంది, మొహం మాత్రం చిన్నదే. పిల్లల కండ్లు అంత పెద్దగా కనపడేది అందుకే. ముక్కు దూలం ఇంకా లేచి ఉండదు, దానికి గీత పెడితే వయసు పెరిగిపోతుంది.

ఫొటో సంగతి. ఫోన్ మొహం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగుల దూరం జరిగి, రెండింతలు జూమ్ చేసి, పాప కండ్ల ఎత్తుకు కూర్చొని తీయండి. ఫ్లాష్ వద్దు. కర్నూలు ఎండలో నిలబెడితే కండ్లు చికిలిస్తుంది, కాబట్టి వాకిలి నీడలో, వెలుతురు ఒక పక్క నుంచి పడేట్టు కూర్చోబెట్టండి.

ఫొటో మీద, కాన్వాస్ మీద గళ్లు గీసి, గడి గడికీ చూసి బొమ్మ దించేటప్పుడు జరిగే తప్పు: 4×6 అంగుళాల ఫొటోను 12×16 కాన్వాస్‌కు సాగదీయడం. నిష్పత్తి కలవదు, మొహం వెడల్పవుతుంది. 12×16 కాన్వాస్‌కు ఫొటోను 6×8 ప్రింట్ తీయించండి. ఫొటో మీద అంగుళం గడి, కాన్వాస్ మీద రెండంగుళాల గడి. కండ్లు, నోరు పడే గళ్లను మళ్లీ నాలుగు ముక్కలు చేయండి. హెచ్‌బీ పెన్సిల్‌తో పైపైన గీయండి, నొక్కి గీస్తే లేత రంగు కింద గీత కనపడుతూనే ఉంటుంది. అయినాక ఫొటోను, బొమ్మను తలకిందులు చేసి చూడండి. వంకర ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

[తెర మీద: పళ్లెంలో సంగటి ముద్ద, కిటికీ వెలుతురు]

మళ్లీ ముద్ద దగ్గరికే వద్దాం. దాని చుట్టూ నల్ల గీత ఉందా? లేదు. వెలుగు పక్క నుంచి నీడ పక్కకు మెల్లగా తిరుగుతుంది. చెంప కూడా అంతే. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మల అందం ఆ నల్ల గీతలోనే ఉంది, అది వేరే పద్ధతి. మనం వేసే రకం బొమ్మలో పిల్లల చెంపకు అట్లాంటి గీత పెడితే మెత్తదనం పోతుంది. ముద్ద మీద నెయ్యి మెరుపు ఒక్కచోటే ఉంటుంది కదా, ముక్కు కొన మీద కూడా ఒక్క చుక్కే.

రంగులు. అంగడిలో స్కిన్ కలర్ అని ఇచ్చే గులాబీ ట్యూబ్ మన పిల్లల రంగు కాదు. అది నాకు అస్సలు నచ్చదు. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) ఒక పాలు, అల్ట్రామెరైన్ బ్లూ సూదిమొనంత. వెలుగు పడే చోటికి టైటానియం వైట్ కొంచెం కొంచెంగా కలపండి, ఎక్కువైతే పాలిపోతుంది. నీడకు నలుపు కలపొద్దు. ఓకర్‌లో నలుపు పడితే ఆకుపచ్చ తిరుగుతుంది. సియెన్నా, బ్లూ పెంచితే చాలు. చెంపలు, చెవులు, ముక్కు కొనకు ఎరుపు పిసరంత.

రంగు కుదిరిందో లేదో చూసే దారి ఇది: ఫొటోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కలిపిన రంగును కవర్ మీద, ఫొటోలో పాప చెంప ఉన్న చోటే చుక్క పెట్టండి. చుక్క కనపడకుండా కలిసిపోవాల. యాక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) ఆరితే కొంచెం ముదురుతుంది, కాబట్టి ఆరినాకే పోల్చండి. మన ఎండాకాలంలో ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీద రంగు నిమిషాల్లో ఎండిపోతుంది. తడి టిష్యూ మీద రంగులు పిండుకోండి, ఫ్యాన్ గాలి తగలనియ్యొద్దు.

కాటుక, దిష్టిచుక్క చివర్లో. ముందే పెడితే ఆ నలుపు పక్కన చర్మమంతా లేతగా కనపడి, నీడలు తప్పు వేస్తారు. కాటుక దట్టంగా ఉంటే ఫొటోలో రెప్ప అంచు మునిగిపోతుంది. ముందు రెప్ప వేసి, దాని మీద కాటుక.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. కంటి తెల్లగుడ్డుకు తెలుపు కాదు, లేత బూడిద రంగు. రెండు కండ్లలో మెరుపు ఒకే వైపు. పండ్ల మధ్య గీతలు వద్దు, చిగుళ్ల అంచు చూపిస్తే చాలు. జుట్టును ముందు ఒకే నల్లటి ముద్దగా వేసి, అంచుల్లో మాత్రమే వెంట్రుకలు లాగండి. వార్నిష్ (బొమ్మను కాపాడే పైపూత) యాక్రిలిక్‌కు రెండు మూడు రోజులాగి, ఆయిల్ పెయింట్‌కైతే ఆర్నెల్లాగి. ఆయిల్ మీద యాక్రిలిక్ ఎప్పటికీ వేయొద్దు, ఊడొస్తుంది. వెనక పేరు, వయసు, తేదీ పెన్సిల్‌తో రాసి, ఎండ తగలని గోడకు తగిలించండి. అలిజరిన్ క్రిమ్సన్ లాంటి ఎరుపు వాడింటే ఎండకు మొదట వెలిసేది చెంపలే.