‘ఆయ్’ అనే ముందు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు. మూడోసారి నేను చదవను. పిల్లలకి క్రమశిక్షణ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను గానీ, ముందు ఈ మైకు సెట్టు సంగతి చూడండి. దీనికి ప్లగ్గు లేదు. రెండు వైర్ల కొసలు సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కారు. ఎర్త్ ఊసే లేదు. బిగించిన కుర్రాడు ప్లగ్గు తెస్తానన్నాడట. ‘టైమైపోయింది, కానియ్యరా’ అన్నారట ఎవరో. ‘ఆయ్’ అన్నాడు, కానిచ్చేశాడు.

నేను మాట్లాడేది ఆ ‘ఆయ్’ గురించే.

మన గోదావరి జిల్లాల్లో అంత తియ్యని మాట ఇంకోటి లేదండి. పిలిస్తే ఆయ్, పని చెబితే ఆయ్, తిట్టినా ఆయ్. మర్యాదకి ఆ మాట ఉండాల్సిందే. నోరు ఆయ్ అనగానే బుర్ర కూడా సెలవు తీసుకుంటుందే, అక్కడ వస్తుంది చిక్కు.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. నాజీ అధికారి ఐక్‌మన్‌ని జెరూసలెంలో విచారించిన ఏడాది అది. ‘పైవాళ్ల ఆజ్ఞ, పాటించాను’ అన్నదే ఆ ముద్దాయి వాదన. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని మిల్‌గ్రామ్ పత్రికలో ప్రకటన వేశాడు. గంటసేపటికి 4 డాలర్లు, దారి ఖర్చుకి మరో 50 సెంట్లు. వచ్చినవాళ్లని ఒక పెట్టె ముందు కూర్చోబెట్టారు. పెట్టెకి వరసగా 30 స్విచ్చులు. మొదటిది 15 వోల్టులు, ఆఖరిది 450. ఒక స్విచ్చుకీ పక్కదానికీ తేడా 15 వోల్టులే. ఈ 15 గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పక్క గదిలో కుర్చీకి కట్టేసిన మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా అతనికి షాకిస్తూ ఒక స్విచ్చు పైకి వెళ్లాలి. 300 దగ్గర ఆ మనిషి గోడ బాదుతాడు. 315 దాటాక చప్పుడే ఉండదు. మీట నొక్కేవాడు తటపటాయిస్తే ప్రయోగం నడిపే బూడిదరంగు కోటాయన ‘దయచేసి కొనసాగించండి’ అంటాడు. ఇంకా ఆగితే ఇంకో మాట, మరో మాట, నాలుగోసారి ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే’. తిట్టడు, చెయ్యెత్తడు. 40 మందిలో 26 మంది 450 దాకా వెళ్లారు. అవతలి మనిషి నటిస్తున్నాడని, అతనికి కరెంటు తగలడం లేదని తర్వాత చెప్పారు.

వాళ్లు రాక్షసులేం కాదు. చెమటలు పట్టాయి, వణికారు, కొందరు పిచ్చి నవ్వు నవ్వారు. మరి ఎందుకు ఆగలేదు? ఆ 15 వోల్టుల వల్ల. 285 నొక్కిన చేతికి 300 దగ్గర ఆగడానికి సాకు దొరకదు. ఆగితే 285 కూడా తప్పేనని ఒప్పుకోవాలి.

ఇప్పుడు మన రొయ్యల చెరువు గట్టు మీదకి రండి. అక్కడ కరెంటు ఉత్తుత్తిది. ఇక్కడ నిజం.

రాత్రిపూట నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదే వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకి కష్టమే. సరిగ్గా ఆ వేళకే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి. యజమాని ఫోను: ‘ట్రిప్పర్ ఊరికే పడిపోతోందా? డైరెక్ట్ చేసెయ్!’ అంటే లీకేజీ పట్టుకునే బ్రేకర్‌ని పక్కకి నెట్టి, ఇటు వైరు అటు కలిపెయ్యమని. కాపలా ఉన్నవాడు ‘ఆయ్’ అంటాడు.

ఆ ట్రిప్పర్ ఎందుకు పడుతోందో అడిగారా? ఏదో మోటారు సీలు పోయి లోపలికి నీళ్లు దిగి ఉంటాయి. లేదంటే మామూలు టేపు చుట్టిన కేబులు జాయింటు నీళ్లలో మునిగి ఉంటుంది. మనుషుల ప్రాణం కోసం పెట్టే బ్రేకరు 30 మిల్లీయాంపులు లీకయితే చాలు, పడిపోతుంది. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓములు అనుకోండి, 230 వోల్టులకి 230 మిల్లీయాంపులు పారతాయి. పది పదిహేను దగ్గరే చెయ్యి బిగుసుకుపోయి వైరు వదలదు. వంద దగ్గర గుండె లయ తప్పుతుంది. ఉప్పునీటి చెరువులో నిలబడ్డవాడికి ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు.

ఇక్కడా ఉన్నాయి మెట్లు. మొదట ఒక్క రాత్రికి డైరెక్ట్ చేస్తారు. ఏమీ కాలేదు కాబట్టి రొయ్యల పట్టుబడి దాకా అలాగే వదిలేస్తారు. రెండో పంటకి ట్రిప్పరే కొనరు. ఎవడూ ఒక్క గెంతులో 450కి వెళ్లడండి.

మిల్‌గ్రామ్‌తో నాకో పేచీ ఉంది. ఆజ్ఞ ఇచ్చేవాడు గదిలో లేకుండా ఫోనులో చెబితే చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదో వంతుకి పడిపోయారు. మన దగ్గర ఆజ్ఞలన్నీ ఫోనులోనే, అయినా తగ్గడం లేదే? అక్కడి 4 డాలర్లు మధ్యలో లేచిపోయినా మీవేనని ముందే చెప్పారు. మన గట్టు మీద మనిషి లేచిపోతే జీతం పోతుంది, తీసుకున్న అడ్వాన్సు మెడకి చుట్టుకుంటుంది. 1966లో వచ్చిన ఇంకో పరిశోధన చూడండి. ముక్కూ మొహం తెలియని డాక్టరు ఫోను చేసి, సీసా మీద 10 మిల్లీగ్రాములు మించకూడదని రాసి ఉన్న మందుని 20 ఇమ్మన్నాడు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వబోయారు, దారిలో ఆపారు. ఉద్యోగం చేసేచోట ఫోను చాలు.

కాబట్టి ‘ఎదురు చెప్పరా’ అని పనివాడికి బోధించి నేను కారెక్కి వెళ్లిపోతే అది ద్రోహం. ముందు వరసలో కూర్చున్న చెరువుల రైతుగార్లూ, ఇది మీకు. పంట మీద లక్షలున్నాయి, భయం ఉంటుంది, కాదనను. అందుకే పద్ధతి చెబుతున్నాను. మెయిన్ కట్టేసి ఫ్యూజులు పీకి జేబులో వేసుకోమనండి. మూడు ఫేజులూ టెస్టరుతో చూడమనండి. ఏరేటర్లన్నీ విడదీశాక ఒక్కోటీ కలిపి, ఫ్యూజులు పెట్టి మెయిన్ వేసి, ట్రిప్పర్ ఎత్తి చూడాలి. ఏది కలిపితే పడిందో అదే దొంగ. ప్రతిసారీ మెయిన్ కట్టేశాకే వైరు ముట్టుకోవాలి. దొంగని వదిలేసి మిగతావి తిప్పుకోండి. ఈలోగా ఆక్సిజన్ గుళికలు చల్లితే రొయ్య తట్టుకుంటుంది. చీకట్లో ఒక్కణ్నీ పంపకండి, ఇద్దరుండాలి.

ఇద్దరెందుకంటే మోతకి కాదు. మిల్‌గ్రామ్ ఒకసారి పక్కన ఇద్దరు తోటివాళ్లని కూర్చోబెట్టి, వాళ్లచేత ‘మేం చెయ్యం’ అనిపించాడు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40లో 4 మంది. 1907లో రాజమండ్రిలో జరిగిందీ అదే. బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు విని విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వద్దన్నా వినలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుని ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఆయనే తర్వాత గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకున్నారు. క్రమశిక్షణ లేదని గెంటించుకున్న మనిషి పెంచిన ఉద్యమం పేరుతో సభ పెట్టి, నన్ను క్రమశిక్షణ మీద మాట్లాడమన్నారు! సరే, వదిలేద్దాం.

వెనక నించున్న కుర్రాళ్లకి ఒక్క మాట. ఎదురు తిరిగే ధైర్యం లేకపోతే విన్న మాటని తిరిగి అప్పజెప్పండి: ‘ట్రిప్పర్ తీసేసి, నీళ్లలో దిగి చెయ్యమంటున్నారాండీ?’ అని మర్యాదగానే అడగండి. అవునని పూర్తిగా పలకడం ఎవరికైనా కష్టం. ఆ నాలుగో మాట ఉంది చూశారూ, ‘మీకు వేరే దారి లేదు’ అన్నది? 2006లో జెర్రీ బర్గర్ అనే పరిశోధకుడు ఆ ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేలా మళ్లీ చేసినప్పుడు, ఆ మాట దాకా వచ్చినవాళ్లలో ఒక్కరూ కొనసాగించలేదు. ఆజ్ఞ ముసుగు తీసి ఎదురుగా నిలబడితే మనిషికి పౌరుషం వస్తుంది. మెత్తగా ‘కానియ్యరా’ అన్నప్పుడే దొరికిపోతాం.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఆయ్, ముగిస్తున్నానండి. ఒరే బాబూ, మైకు కుర్రాడా, ఇటు రా. ఆ అగ్గిపుల్లల మీద చెయ్యి వెయ్యకు. ముందు గోడ దగ్గర స్విచ్ కట్టెయ్. మైకు లేకపోయినా ఫర్వాలేదు, తర్వాత మాట్లాడేవారి గొంతు నాకంటే పెద్దదే. కట్టేశావా? ఇప్పుడు తీయ్.